తప్పు ఎక్కడుందో పట్టే చేయి

సాయంత్రం ఐదున్నరకు రిటైరైన టీచరమ్మ వరండాలో చాప పరిస్తేనే అసలు చదువు మొదలవుతుందని చాలా ఇళ్లలో నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు.

52లోంచి 38 తీసేయమంటే మూడో తరగతి పిల్ల 26 వేసింది. తరగతిలో అయితే ఇంటూ పడేది, అంతే. టీచరమ్మ పెన్ను పక్కన పెట్టి, "ఎలా చేశావమ్మా, చెప్పు" అంది. "8లోంచి 2 పోతే 6, 5లోంచి 3 పోతే 2" అంది పిల్ల. ఎటు తిప్పినా పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలనుకుందన్నమాట. వెంటనే ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టి, "నాకు 38 ఇయ్యి" అంది. పిల్ల ఒక నోటుకు చిల్లర అడిగింది. మిగిలింది 14. అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ఓ వ్యాసం రాశాడు. విడిగా చదువు చెప్పించుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటాడన్నది దాని సారం. తర్వాతి పరిశోధనల్లో అంత లాభం కనబడలేదు గానీ, లాభం ఉందని మాత్రం తేలింది.

2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం బడి టీచర్లు ప్రైవేటు చెప్పకూడదు. రిటైరైనవాళ్లకు ఆ అడ్డు లేదు. పైగా సిలబస్‌తో పాటు పిల్లలు చేసే తప్పులన్నీ వాళ్లకు కంఠతా వచ్చు.

ఏడాది తిరిగేసరికి పిల్లకు తమ అవసరం లేకుండా చేసేవాళ్లే మంచి ట్యూషన్ టీచర్లు. ఫీజు పోతుందని తెలిసీ ఆ పని చేస్తారు చూడండి, అందుకు పెట్టాలి దండం!