లేనిదాన్ని కూడా రాసిన వరస

సైఫైవ్ సంస్థ 2018లో తెచ్చిన హైఫైవ్ అన్‌లీష్డ్ బోర్డులోని చిప్ పేరు ఎఫ్‌యూ540. హార్డ్‌వేర్‌లో ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే దాని డివైస్ ట్రీ ఫైలు లైనక్స్ సోర్సులోనే ఉంది. అందులో ప్లిక్ అనే ఇంటరప్ట్ కంట్రోలర్ కింద ఇంటరప్ట్స్-ఎక్స్‌టెండెడ్ అని ఒక ప్రాపర్టీ కనిపిస్తుంది. మొత్తం తొమ్మిది జతలు. జతలో మొదటిది ఏ కోరో చెబుతుంది, రెండోది ఆ కోర్లో ఏ ఇంటరప్టో. ఐదు జతల్లో ఆ రెండోది మైనస్ ఒకటి: ఇక్కడ లైనక్స్‌కి పని లేదు అని.

పని లేనప్పుడు రాయడం దేనికి? ప్లిక్‌లో వరసే చిరునామా కాబట్టి. చిప్‌లో ఐదు కోర్లు. ప్లిక్ లెక్కలో మొదటిదైన ఈ51కి మెషీన్ మోడ్ ఒక్కటే. మిగతా నాలుగు యూ54లకు మెషీన్, సూపర్‌వైజర్ రెండూ. వెరసి తొమ్మిది కాంటెక్స్టులు, సున్నా నుంచి ఎనిమిది దాకా. లైనక్స్‌లోని ప్లిక్ డ్రైవర్ ఆ నంబర్ని హెక్స్ 80తో హెచ్చించి 2000 కలిపితే ఎనేబుల్ బిట్లు దొరుకుతాయి. మొదటి యూ54 సూపర్‌వైజర్ మోడ్ నంబరు 2, చోటు 2100. దాని ముందున్న రెండు ఖాళీ జతల్ని దండగని ఎవరైనా కొట్టేస్తే అది సున్నా అయిపోతుంది. డ్రైవర్ వెళ్లి 2000 దగ్గర, అంటే ఈ51 మెషీన్ మోడ్ గడుల్లో, రాసి వస్తుంది. తప్పు జరిగిందన్న మెసేజీ ఉండదు. ఇంటరప్టు మాత్రం లైనక్స్ గడప తొక్కదు.

రేషన్ షాపు ముందు చెప్పులు వదిలి వరస ఆపుకున్నట్టే ఇదీ. పైగా ఆ చెప్పులెవరివో కూడా రాసుంది: మైనస్ ఒకటి పక్కన కోర్ పేరు తప్పకుండా ఉంటుంది. ఈ51 నోడ్‌కి స్టేటస్ డిసేబుల్డ్ అని పెట్టినా, వరసలో మొదటి పేరు దానిదే.

అసలు సిలికాన్‌లో ఆ తీగలున్నాయి. సూపర్‌వైజర్‌కి ఇంటరప్ట్ నంబరు 9, మెషీన్‌కి 11. మెషీన్ మోడ్ ఫర్మ్‌వేర్ సొత్తు గనక, ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఆ ఫర్మ్‌వేర్ ట్రీని కెర్నెల్‌కి అప్పగించే ముందు 11 కనిపించిన చోటల్లా మైనస్ ఒకటి దిద్దుతుంది. జతను తీసెయ్యదు, ప్రాపర్టీ పొడవు మార్చదు.

చిన్న ఫిర్యాదు లేకపోలేదు. మైనస్ ఒకటికి ఈ అర్థం ప్లిక్ బైండింగ్ (దాని నోడ్ ఎలా రాయాలో చెప్పే నియమాలు) ఇచ్చుకున్నదే; ట్రీని కంపైల్ చేసే డీటీసీకి అదీ మామూలు అంకే. డ్రైవర్ మాత్రం దాన్ని చక్కగా వాడుకుంటుంది: తన మోడ్ ఇంటరప్ట్ నంబరు లేని జతను దాటేస్తుంది, లెక్కలోంచి మాత్రం తీసెయ్యదు.