త్రాహిమాం: పురుషోత్తమ చౌధరి పనితనం

నరసన్నపేట దగ్గర పెద్ద రోడ్డు వదిలి పాతపట్నం మీదుగా వెళ్తే పర్లాకిమిడి వస్తుంది. 1803లో ఆ ప్రాంతంలోనే ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌధరి పుట్టారు. 1833లో కటకంలో బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత శ్రీకాకుళం, విశాఖల్లో లండన్ మిషన్‌లో పనిచేశారు. విశ్వసించినవాణ్ణి నీళ్లలో ముంచితేనే అది బాప్తిస్మమని బాప్టిస్టుల మాట. పసిబిడ్డ నెత్తిన చిలకరించినా చెల్లుతుందని లండన్ మిషన్ మాట. ఏది అసలైన బాప్తిస్మమన్న ఆ తగవును రెండువైపుల నుంచీ చూసిన మనిషి ఆయన. కీర్తన కట్టడానికి కూర్చున్నప్పుడు మాత్రం దాన్ని లోపలికి రానివ్వలేదు.

‘త్రాహిమాం క్రీస్తునాథ’నే చూడండి. పల్లవి మొదట ‘త్రాహి’, రెండో పాదంలో ‘దేహి’. రెంటికీ తొలి అక్షరం గురువు, రెండో అక్షరం ‘హి’. నిక్కచ్చి ప్రాస. ‘దేహి’కి ముందు చిన్న మాట ఒకటి ఉంది. కాగితం మీద చదివితే అది ప్రాసకు అడ్డుపడినట్టు తోస్తుంది. పాడితే పై పాదం చివరికి జారిపోయి, ‘దేహి’ కొత్త ఎత్తుగడగా పడుతుంది. కాపాడమని దేవుణ్ణి పిలిచిన నోరే మరుక్షణం గుమ్మంలో బిచ్చగాడిలా ‘దేహి’ అంటుంది. చరణంలోకి వచ్చేసరికి ‘గవ్వ చేయరాని’ అన్న సంతమాట వినబడుతుంది. సంస్కృతం నుంచి సంతకు ఇంత తొందరగా దిగినా రాగం ఎక్కడా కుదుపు తినదు. ఇది త్యాగయ్యను, రామదాసును విని పెరిగిన చెవికే సాధ్యమని నా నమ్మకం.

విశ్వాసాన్ని పాటగా కట్టే ఈ పని క్రైస్తవం పుట్టినంత పాతది. సుమారు 112లో రోమన్ గవర్నర్ ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి వంతులవారీగా పాడుకుంటారని ఉంది. కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా మనకు మొదట కనిపించేది 367 నాటి బిషప్ అతనాసియస్ లేఖలో. పాట అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఉంది! ఇప్పటి టర్కీలో ఉన్న ఎదెస్సాకు చెందిన బర్దైసాన్ తన బోధను పాటలుగా కట్టి యువకులను ఆకట్టుకున్నాడు. ఆ బోధ తప్పని నమ్మిన సిరియాక్ కవి ఎఫ్రేము కూడా, 373లో చనిపోయేవరకు, పాటలే కట్టాడు. చరణం ఒకరు పాడితే పల్లవి బృందం అందుకునేది. బృందంలో ఆడవాళ్లు పాడేవారు. చదువురాని మనిషికి పల్లవి వస్తే చాలు, సిద్ధాంతం నోటికి వచ్చినట్టే. చౌధరి కీర్తనలో ప్రతి చరణం చివర రెండు నిలువుగీతల మధ్య అచ్చయ్యే పల్లవి తొలిమాట చేసే పనీ అదే.

ఎఫ్రేము పాటల్లో ఎదుటివాడి పేరు పెట్టి దెబ్బలాడాడు. చౌధరి తన పాపంతోనే దెబ్బలాడారు. అందుకే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఆయన పాటలను లూథరన్లూ బాప్టిస్టులూ సీఎస్ఐ వాళ్లూ ఏ మాటా మార్చుకోనక్కరలేకుండా పాడుకుంటున్నారు.

ఆ పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కీబోర్డు వచ్చాక చాలాచోట్ల వాటివైపు చూడటం మానేశారు. తాళం తప్పితే ‘దేహి’ ఎత్తుగడ వినబడదు, ప్రాస కాగితం మీదే మిగిలిపోతుంది. సంఘంలో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్ల ఒక్కతె ఉన్నా సరే, ఆదివారానికి ముందే ఆ పేజీ ఆమె చేతిలో పెట్టి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు పాడించాలి.