మామ్మగారి పాత చీర

పోయిన వారం పెళ్లి ఊరేగింపులో ఎవరో థౌజండ్‌వాలా అంటించారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుక్క టైగర్ స్కూటర్ల వెనక నక్కి వణికిపోయింది. మూడో అంతస్తు మామ్మగారు దాని పక్కనే చతికిలబడి వీపు నిమరడం మొదలుపెట్టారు.

"అలా బుజ్జగిస్తే భయం ఇంకా ముదురుతుంది మామ్మగారూ" అన్నాడు ఈ శీర్షిక రాసే మనిషి.

"వణుకుతోంది నాయనా, వదిలేసి ఎట్లా పోను?" అన్నారావిడ, చెయ్యి తియ్యకుండానే.

బుజ్జగింపులంటే ఆయనకు పడదని పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బడికి పోనని మారాం చేసే పిల్లల గురించి ఇక్కడే ఎన్నిసార్లు రాశాడో! ఈసారి వాదనకు బలం కోసం, కుక్కల అలవాట్ల మీద ప్రయోగాలు చేసిన రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ ఉపన్యాసాలు తీశాడు.

అక్కడ కథ అడ్డం తిరిగింది. 1924 సెప్టెంబర్ 23న లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తింది. పావ్‌లోవ్ కుక్కలుండే కొట్టాల్లోకి నీళ్లొచ్చాయి. పనివాళ్లు వాటిని ఈదించుకుంటూ ప్రయోగశాలకు చేర్చారు. ప్రాణాలు దక్కాయి గానీ కొన్నిటికి నేర్చిన అలవాట్లు పోయాయి. ఎప్పుడూ నోరూరించే సంకేతానికి ఒక కుక్కకు చుక్క లాలాజలం ఊరలేదు. కోలుకున్నాక తలుపు కిందుగా కాసిని నీళ్లు పారిస్తే చాలు, మళ్లీ మొదటికొచ్చింది. మామూలుగా గది బయటే ఉండే ప్రయోగకర్త లోపలికెళ్లి దాని పక్కన కూర్చుంటే మాత్రం పోయిన అలవాట్లు తిరిగొచ్చాయి. చివరికి ఆయన బట్టలు కంటికి కనపడకుండా గదిలో పెట్టినా, ఆ వాసనకే కుక్క కుదుటపడింది.

కూర్చోమంటే కూర్చున్న కుక్కకు బిస్కెట్ ఇస్తే మళ్లీ కూర్చుంటుంది. వణుకు అలా బిస్కెట్ కోసం చేసే పని కాదు, బుజ్జగిస్తే ముదరడానికి. టపాకాయ పేలిన వెంటనే ఇష్టమైన తిండి పెట్టడమో ఆడించడమో చేసినవాళ్లలో నూటికి 70 మందికి పైగా మేలు కనిపించిందన్నారని 1,225 మంది యజమానులను అడిగి 2020లో ప్రచురించిన సర్వే చెబుతోంది. భయం మరీ ఎక్కువైతే దీపావళికి ముందే పశువుల డాక్టరుకు చూపించాలి. భయం తగ్గించే మందులున్నాయి. అయితే ఏస్‌ప్రోమజైన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడుంటుంది, లోపలి భయం అలాగే ఉంటుంది.

వణికే కుక్కను బుజ్జగిస్తే భయం ముదురుతుందన్న మాట తప్పు. మామ్మగారిదే ఒప్పు.

దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే టపాకాయలు కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మోత వినపడకుండా తలుపులేసుకుని టీవీ పెట్టుకోవడానికి టైగర్‌కి గది లేదు. మెట్ల కింద గోనెసంచి పరిచి, దానిమీద మామ్మగారి పాత చీర వేశారు. ఆ రెండు గంటలూ పక్కన కూర్చునే వంతు ఈ శీర్షిక రాసే మనిషిది.