పెంటకుప్పలో పచ్చటి పనితనం

అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్ తోటల్లో పాత పెంటకుప్పను పారతో తిరగేస్తే లావుపాటి తెల్ల పురుగులు ముడుచుకుని కనిపిస్తాయి. కొమ్ము పురుగు పిల్లలివి. పెద్దయ్యాక ఇవే చెట్టు మొవ్వులోకి తొలుచుకుపోయి ఇంకా విచ్చుకోని ఆకును కొరికేస్తాయి. వాటి మధ్య ఎప్పుడైనా ఒకటి తేడాగా కనబడుతుంది. నొక్కితే మెత్తగా దిగదు, బిగుసుకుని ఉంటుంది. ఒంటి నిండా ముదురాకుపచ్చ పొడి. గోటితో గీరితే పొడి వేలికంటుకుని, కింద తెల్లటి బూజు బయటపడుతుంది. వాసన కూడా పెద్దగా రాదు. అది మెటారైజియం అనే శిలీంధ్రం తీరిగ్గా పూర్తిచేసిన పని.

ఈ శిలీంధ్రాన్ని పురుగు తినక్కర్లేదు, దాని బీజం చర్మానికి అంటితే చాలు. అక్కడ పట్టు దొరకడానికి బీజం పైపొరలోనే జిగురులాంటి ప్రోటీన్ ఉంది. తేమ చాలితే మొలకెత్తుతుంది. మొలక కొసన చిన్న ఉబ్బు కట్టి, ఒకపక్క ఎంజైములతో చర్మాన్ని కరిగిస్తూ, ఇంకోపక్క ఒత్తిడితో నెట్టుకుంటూ లోపలికి దిగుతుంది. దిగిన చోట గోధుమరంగు మచ్చ తేలుతుంది. పురుగు ఎదురు తిరిగిన గుర్తు అది. రక్తంలో చేరాక శిలీంధ్రం పొట్టి పొట్టి కణాలుగా విడిపోతుంది. వాటి మీద కొలాజెన్‌ను పోలిన తొడుగొకటి ఉండడంతో పురుగు రక్తకణాలు వాటిని పరాయివని పోల్చుకోలేవు.

విషం వంతు ఆ తర్వాత. ఈ విషాలకు డెస్ట్రక్సిన్లని పేరు. 1961లో జపాన్‌లో కొడైరా అనే శాస్త్రవేత్త ఈ శిలీంధ్రాన్ని పెంచిన ద్రవం నుంచి వేరుచేశారు. ఐదు అమైనో ఆమ్లాలు, ఒక హైడ్రాక్సీ ఆమ్లం చేతులు కలిపి గుండ్రంగా నిలబడ్డ అణువులివి. కండరాల కణాల పొరల్లో కాల్షియం దారులు తెరిచి పురుగును బిగదీసి చచ్చుబడేస్తాయి, రక్తకణాల పోరాటాన్నీ దెబ్బతీస్తాయి. నన్ను కట్టిపడేసేది ఇందులోని పొదుపు. మనం పిచికారీ చేసే మందు చేనంతా పరుచుకుంటుంది. ఇది మాత్రం పట్టిన పురుగు ఒంట్లోనే, దానికి సరిపడా తయారవుతుంది. పక్క ఆకు మీది సాలీడుకు అందేది చాలా తక్కువ. మిత్రపురుగులకు ముప్పంటూ ఉంటే అది ముఖ్యంగా బీజాల నుంచే.

మిరపలో వాడే తెల్లబూజు బవేరియా, చచ్చిన పురుగును కూడా వదలదు. అది తయారుచేసే ఊస్పోరిన్ అనే ఎర్రటి పదార్థం శవంలో బాక్టీరియాను పెరగనివ్వదని 2017లో వెలువడిన పరిశోధన చూపింది. శవం కుళ్లిపోతే బీజాలు పండేదెక్కడ?

మిడతల్ని మాత్రమే పట్టే మెటారైజియం జాతి ఒకటుంది, పేరు అక్రిడం. ఆఫ్రికాలో మిడతల మీద చల్లుతున్నది దాన్నే. దాని జన్యువుల్లో డెస్ట్రక్సిన్ తయారీకి కావలసిన సరంజామాయే లేదని 2012లో తేలింది. రకరకాల పురుగుల మీద బతికే జాతుల్లో ఆ సరంజామా ఉంది. విషం ఉన్నవాటికి వేట విస్తృతం, అందుకే మిత్రపురుగుల విషయంలో జాగ్రత్త పడాల్సిందీ వాటితోనే.

ఏడు చుక్కల అక్షింతల పురుగునే చూడండి. చలికాలం ముడుచుకుని ఉన్నప్పుడు బవేరియా పట్టి చచ్చేవి ఉంటాయి. అయితే బవేరియా బీజాలున్న ఆకును అది గుర్తుపట్టి తప్పుకుంటుందని బ్రిటన్‌లో గమనించారు. ఆ మాత్రం తెలివి దానికుంది.

కందిరీగల కథ ఇంకా చిక్కు. మన దేశంలో 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలకు పాకింది. దాని మీద ఎన్కార్సియా గ్వాడెలూపే అనే చీమంత కూడా లేని కందిరీగ పనిచేస్తోంది. బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ అనే కీటక పరిశోధన సంస్థ దానికి తోడుగా ఇసారియా అనే శిలీంధ్రాన్నీ తోటల్లోకి పంపింది. భూతద్దం పెట్టి ఆకు అడుగున చూస్తే ఎవరి పని ఏదో తెలుస్తుంది. కందిరీగ బయటికొచ్చిన తెల్లదోమ పిల్ల వీపు మీద గుండ్రటి రంధ్రం ఉంటుంది, శిలీంధ్రం పట్టినదాని మీద బూజు కమ్మి ఉంటుంది. ఒకే పిల్ల ఇద్దరి కంటా పడితే? ఎన్కార్సియాలోనే మరో జాతి మీద జరిగిన ప్రయోగాల్లో, కందిరీగ గుడ్డు కొన్ని రోజులు ముందుగా పడితే శిలీంధ్రం చాలావరకు ఓడింది. శిలీంధ్రం లోపల బాగా పెరిగిపోయి ఉంటే తల్లి కందిరీగ ఆ పిల్లను వదిలేసి వెళ్లింది.

కాబట్టి ఎప్పుడు, ఎక్కడ అన్నదే అసలు లెక్క. మెటారైజియాన్ని పెంటకుప్పలో కలపమనడం ఆ లెక్క ప్రకారం మంచి ఆలోచన. అదే ఆయిల్‌పామ్ తోటలో మగ పూగుత్తుల మీద ఎలీడోబియస్ అనే ముక్కుపురుగు తిరుగుతుంటుంది. ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలిన ఆ పురుగు పుప్పొడి మోస్తేనే గెల నిండుతుంది. బీజాలు కుప్పలో ఉంటే దాని జోలికి పోయే అవకాశం తగ్గుతుంది.

గోదావరి అవతల చర్ల, దుమ్ముగూడెం మిరప చేలల్లో ఈ లెక్క తప్పడం తేలిక. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు దొరికిన మందల్లా కొట్టారు, తప్పు పట్టలేం. కానీ మాంకోజెబ్ కలిపిన ట్యాంకులోనే బవేరియా పొడి పోస్తే, తెగులు బూజును చంపే మందు ఈ బూజును మాత్రం ఎందుకు వదులుతుంది? ఎండ దిగాక, ఆకు మీద తేమ ఉన్నప్పుడు, విడిగా కొట్టాలి. తెగుళ్ల మందుకు కొన్ని రోజుల ఎడం ఇవ్వాలి.