కొండను కుడిచేతికి పెట్టుకుని

విశాఖలో ట్రెక్కింగ్ అనగానే కుర్రకారు కంబాలకొండ పేరో, లంబసింగి పేరో చెబుతారు. మంచి బూట్లు, వీపున సంచి, ఆదివారం తెల్లవారుజామున ఫోటోలు. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు అదే ఊళ్ళో లక్షలమంది 32 కిలోమీటర్లు నడుస్తారు. వాళ్ళలో చాలామంది కాళ్ళకు చెప్పులుండవు. అరవై దాటిన అమ్మమ్మలకు లెక్కే లేదు. దాన్ని మాత్రం ట్రెక్కింగ్ అని ఎవరూ అనరు. సింహాచలం గిరి ప్రదక్షిణను భక్తి ఖాతాలో రాసేసి ఊరుకుంటాం. దూరం నడవడం ఒక విద్య అనుకుంటే, ఉత్తరాంధ్రలో దాన్ని ఇంత బాగా నేర్పే చోటు మరొకటి లేదని నా అభిప్రాయం.

అరుణాచలం చుట్టూ నడక 14 కిలోమీటర్లు. గోవర్ధనగిరి చుట్టూ దాదాపు 21. కైలాస పరిక్రమ 52 కిలోమీటర్లే గానీ, మామూలుగా దాన్ని మూడు రోజులకు పంచుకుంటారు. సింహాచలం అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లను మాత్రం మధ్యాహ్నం మొదలుపెట్టి మర్నాడు తెల్లారేలోగా ముగించాలని చూస్తారు. పౌర్ణమి పౌర్ణమికీ బస్సు కట్టించుకుని అరుణాచలం పోయే మన ఊరివాళ్ళు కొందరు ఇంటి పక్కనున్న ఈ నడకకు ఒక్కసారీ రాలేదంటే నాకు నవ్వొస్తుంది.

ముహూర్తం వెనక గంధం కథ ఉంది. ఏడాదంతా చందనం కింద ఉండే వరాహ లక్ష్మీనరసింహస్వామి, అంటే మన అప్పన్న, నిజరూపం కనిపించేది వైశాఖ మాసంలో అక్షయ తృతీయ ఒక్కనాడే. ఆ రాత్రి నుంచి మళ్ళీ గంధం పూత మొదలవుతుంది. విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలు. ఆఖరి విడత ఆషాఢ పౌర్ణమికి. దానికి ముందురోజు జనం కొండను చుట్టి, పౌర్ణమి దర్శనానికి అందుకుంటారు. 2025లో ఈ ప్రదక్షిణ రోజు జులై 9న వచ్చింది. అప్పటికి ఎండ తీవ్రత తగ్గి ఉంటుంది, వాన మాత్రం ఏ క్షణాన పడుతుందో తెలియదు. నడకకు ఇంతకన్నా మంచి అదను లేదు.

కొండ దిగువన తొలిపావంచా అనే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. ప్రదక్షిణ కాబట్టి కొండ ఎప్పుడూ కుడిచేతివైపే ఉండాలి. అడవివరం దాటి ముడసర్లోవ వైపు సాగే మొదటి భాగమే ఈ దారిలో అసలైన అడవి. కుడివైపు సింహాచలం కొండలు, ఎడమవైపు కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న ఆ కంబాలకొండ 1970లో అటవీశాఖకు వచ్చింది. 2002లో అభయారణ్యమైంది. సుమారు 70 చదరపు కిలోమీటర్లు. చిరుతలున్నాయి, ఊరికి అంత దగ్గర్లో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ కొండల మీది చెట్లను మోడులు చేసి పోయింది. ఆ ఏడు కొండను చూసినవాళ్ళకు ఇవాళ్టి పచ్చదనం విలువ తెలుస్తుంది.

ఈ మొదటి భాగంలోనే కొత్తవాళ్ళు దెబ్బతింటారు. ఉత్సాహం మీద ఉంటారు, డప్పులు మోగుతుంటాయి, పక్కనున్న వాళ్ళందరూ గోవింద కొడుతుంటారు, కాళ్ళు వాటంతటవే ఉరుకుతాయి. పాతకాపులు అక్కడ కావాలనే నెమ్మదిగా నడుస్తారు. మాట్లాడుతూ నడవగలిగితే సరైన వేగం, మాటకు ఆయాసం అడ్డొస్తే ఎక్కువ వేగం. తారు రోడ్డు మధ్యాహ్నం కాలుతుంటుంది కాబట్టి అంచున వేసిన తెల్లగీత మీద అడుగులేస్తారు. అది నున్నగా ఉంటుంది, వేడీ తక్కువ. గులకరాళ్ళు తేలిన చోట మడమ మొత్తం ఆనించకుండా మునివేళ్ళు ముందు మోపుతారు. ముందు నెలనాళ్ళు ఇంటి డాబా మీదో, బీచ్ ఇసుకలోనో చెప్పుల్లేకుండా తిరిగి అరికాళ్ళను గట్టిపరచుకునేవాళ్ళూ ఉన్నారు. చివరి నిమిషంలో మొక్కుకుని వచ్చేవాళ్ళ పాదాలు హనుమంతవాక చేరేసరికే సంగతి చెప్పేస్తాయి.

దారి పొడుగునా పులిహోర, మజ్జిగ, అరటిపళ్ళు, మంచినీళ్ళు పిలిచి పిలిచి ఇస్తారు. కాలనీ సంఘాలు, కుర్రాళ్ళ బృందాలు, పేరు చెప్పుకోని ఇళ్ళవాళ్ళు. కొన్ని పందిళ్ళలో కాళ్ళకు నూనె రాసి పిసుకుతారు కూడా, తమకన్నా చిన్నవాళ్ళ కాళ్ళైనా సరే. ఆ ఆదరణే ఒక ఆపద. పెట్టినచోటల్లా తింటే నడక సాగదు. ఉప్పు వేసిన మజ్జిగ గ్లాసు చొప్పున తాగుతూ, తిండి గుప్పెడు గుప్పెడే తీసుకోవాలి. ఇంకోటి, ఎక్కువసేపు కూర్చోకూడదు. ఒకసారి పిక్కలు బిగుసుకుంటే లేవడానికి మనిషి సాయం కావాలి. నిలబడే రెండు నిమిషాలు అలుపు తీర్చుకుని కదిలిపోవడం అలవాటున్నవాళ్ళ పద్ధతి.

హనుమంతవాక దగ్గర హైవే దాటి, జోడుగుళ్ళపాలెం మీదుగా అప్పూఘర్ తీరానికి చేరతారు. కొండ చుట్టూ తిరిగే నడకలో సముద్రస్నానం ఉండటం దీని ప్రత్యేకత. మన తీరం లోతు ఎక్కువ, లోపలి లాగుడు ఎక్కువ. అందుకే గజ ఈతగాళ్ళను నిలబెడతారు. భక్తికి స్నానం మంచిదే, నడకకు మాత్రం తడిబట్ట శత్రువు. ఉప్పు, ఇసుక చేరిన తడిబట్టతో రెండు కిలోమీటర్లు నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి. అనుభవజ్ఞులు సంచిలో పొడి పంచె, చిన్న సీసాలో కొబ్బరినూనె తెచ్చుకుంటారు. లేదంటే మూడుసార్లు నీళ్ళు నెత్తిన చల్లుకుని అప్పన్నకు దణ్ణం పెట్టి కదులుతారు. స్వామి ఏమీ అనుకోడు.

అక్కడి నుంచి వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల. వేగంగా చెప్పేశాను గానీ, నడిచేవాళ్ళకు ఇదే పొడుగు. చీకటి పడుతుంది, బొబ్బలు లేస్తాయి. వాటిని చిదపకుండా మెత్తటి గుడ్డ చుట్టుకుని నడవాలి. జనం ఒత్తిడికి ఫోన్లు మూగబోతాయి కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని, పిల్లలను మధ్యలో పెట్టుకుని, బాగా నడవగలిగినవాళ్ళు వెనక ఉంటారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే గుంపు వేగం. ఏ పర్వతారోహణ శిక్షకుడైనా ఇదే చెబుతాడు. మనూళ్ళో దీన్ని మేనత్తలు చెబుతారు.

పోర్టులో, స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు, శ్రీకాకుళం పల్లెల నుంచి మూటలతో వచ్చినవాళ్ళు, ఏసీ గదుల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు ఆ రాత్రి ఒకే వేగంతో నడుస్తారు. గుంపులో అప్పలరాజూ అని గట్టిగా పిలిస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. ఈ ప్రాంతంలో అప్పన్న పేరు లేని ఇల్లు తక్కువ. నడవలేనివాళ్ళు కొండపైన ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసి మొక్కు తీర్చుకుంటారు. దాన్నెవరూ తక్కువగా చూడరు, అదీ ఈ సంప్రదాయం గొప్పతనమే.

నాకు నచ్చనిది ఒకటుంది. అప్పూఘర్ నుంచి మాధవధార వరకు చాలాచోట్ల కొండ కనబడదు. అపార్ట్‌మెంట్లు, ఫ్లెక్సీలు అడ్డు. ఏ కొండకు ప్రదక్షిణ చేస్తున్నామో ఆ కొండను చూడకుండానే సగం దారి గడిచిపోతుంది. మర్నాడు ఉదయం రోడ్లపై ప్లాస్టిక్ గ్లాసుల కుప్పలు ఊడ్చేవాళ్ళు పారిశుద్ధ్య కార్మికులు. అన్నదానం చేసే సంఘాలు విస్తరాకులకు, స్టీలు గ్లాసులకు మళ్ళితే ఆ పని సగమైనా తగ్గుతుంది. కొన్ని మళ్ళాయి కూడా.

ఒకేసారి 32 కిలోమీటర్లు అంటే బెదురుగా ఉన్నవాళ్ళకు మరో దారి ఉంది. మాధవధార ఊట దగ్గర మాధవస్వామి గుడి పక్కనుంచి కొండ మీదుగా సింహాచలం ఆలయానికి పాత కాలిబాట పోతుంది. రోడ్లు రాకముందు పట్నం వైపు నుంచి జనం ఇలాగే కొండ దాటేవారు. కార్తికం వచ్చాక, వాన వెలిసి రాళ్ళు ఆరిన ఒక ఉదయం నలుగురైదుగురు కలిసి వెళ్ళడం మంచిది. ఒంటరిగా వద్దు. పైకెక్కే కొద్దీ వెనక నగరం, దాని అవతల సముద్రం, డాల్ఫిన్స్ నోస్ కొండ విడివిడిగా తెలుస్తాయి. నీళ్ళు ఎక్కువే పట్టుకెళ్ళాలి. ఆలయం దగ్గర దర్శనం చేసుకుని, సీజన్ అయితే అనాసపళ్ళు కొనుక్కుని, దేవస్థానం బస్సులో కిందికి దిగిపోవచ్చు. అదే బాటలో తిరిగి నడవాలని పట్టుపట్టకండి, దిగుడులోనే మోకాళ్ళు పోతాయి.