తెల్లబోయిన ఫోటోలు

ఫోటో తీయడం కంటే, తీసిన ఫోటోని బాగుచెయ్యడమే పెద్ద విద్య అయిపోయింది ఈ రోజుల్లో. వెనకటికి స్టూడియోవాళ్ళు నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో టచింగ్ చేసేవారు. ఇప్పుడా పని మన ఫోనులోకే వచ్చింది. వేలితో ఒక చుక్కని కుడికి జరిపితే వెలుగు పెరుగుతుంది, ఎడమకి జరిపితే తగ్గుతుంది. అంతే! ఇంత సులువైన పనిలో కూడా మనవాళ్ళు ఎక్కడ ఆగాలో తెలుసుకోరేమిటా అని నా బాధ.

అందరూ చూసిన 'మాయాబజార్' సంగతే తీసుకోండి. 1957లో వచ్చిన నలుపు తెలుపు చిత్రం. తీసినవారు నాగిరెడ్డిగారు, మన తెనాలి చక్రపాణిగారు, దర్శకులు కె.వి. రెడ్డిగారు, కెమెరా మార్కస్ బార్ట్‌లే. 2010లో హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థవారు కంప్యూటరు సాయంతో దానికి రంగులద్ది విడుదల చేశారు. మసకబారిన బొమ్మని తేటపరిచి, శబ్దాన్ని శుభ్రం చేసినందుకు వారికి దణ్ణం పెట్టవలసిందే. కాని పడవ పాటలో వెన్నెల మాటేమిటి? ఆ వెన్నెలని బార్ట్‌లే నలుపుకీ తెలుపుకీ మధ్యనున్న బూడిద ఛాయల్లోంచి పుట్టించాడు. రంగుల్లో చూస్తే మన కన్ను ముందు చీర మీదికీ, నగల మీదికీ పోతుంది. వెన్నెల వెనక్కి తగ్గుతుంది. మసక తుడవడం మరమ్మతు. రంగు వెయ్యడం మరొకరి అభిప్రాయం. రెండూ ఒకటి కావు గదా!

మన ఇళ్ళలో ఫోటోలకీ ఇదే లెక్క. తెనాలినుంచి రేపల్లె వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూచోండి. నారుమడి పచ్చ వేరు, పొట్టకొచ్చిన చేను పచ్చ వేరు, పండుబారిన చేను రంగు మరీ వేరు. ఫోటోలో రంగుల గాఢత బాగా పెంచారనుకోండి, అన్నీ కలిసి ఒకటే చిలకపచ్చ! బాపట్ల భావనారాయణస్వామి గుడిలో రాతిస్తంభాన్ని తీసి కాంట్రాస్టు పెంచారా, నీడలన్నీ సిరా ఒలికినట్టయి చెక్కడం కాస్తా మాయమవుతుంది. అక్కడ పెంచవలసింది నీడలో వెలుగు మాత్రమే, అదీ కాస్త.

మంగళస్నానాల ఫోటోలు గమనించారా? అంతటా పసుపే ఉండేసరికి ఫోను అదేదో లోపమనుకుని, తరచు తనంతట తనే నీలం కలిపేస్తుంది. పెళ్ళికూతురి పసుపు కాస్తా పాలిపోతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: ఫోటోలో తెల్లపంచె కట్టుకున్న పెద్దమనిషి ఎవరైనా ఉన్నారేమో వెతకండి. ఆ పంచె పంచెలా కనిపించేదాకా రంగు సరిచేస్తే, మిగతావన్నీ వాటంతట అవే దారికొస్తాయి.

అసలు చిక్కు ఒంటిరంగు దగ్గర. రేపల్లెలో మాకు తెలిసినవారి అమ్మాయి చామనఛాయ, కళగల ముఖం. సంబంధాలకి పంపడానికని తల్లి ఆ పిల్ల ఫోటోని దగ్గరుండి తెల్లగా చేయించింది. పెళ్ళిచూపులకొచ్చినావిడ కాఫీ తాగుతూనే, "ఫోటోలో ఇంకా రంగుందే!" అన్నది. వాళ్ళు వెళ్ళాక తల్లి, ఫోటో తీసినవాణ్ణి తిట్టిపోసింది. పిల్ల మటుకు నెమ్మదిగా, "వాళ్ళకంటే ముందు నా రంగు నీకే నచ్చలేదు గదమ్మా" అన్నదట.

ఈ మాటకి సమాధానం ఏ ఫోనులోనూ లేదు. వెలుగు హద్దు మీరి పెరిగితే, ముఖంలో బుగ్గ నునుపూ, గడ్డం కింద నీడా ముందు పోతాయి. అలా తెల్లబోయినచోట దాచిన ఫోటోలో ఇక వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. 'ముఖం తెల్లబోయింది' అని మనవాళ్ళు ఊరికే అనలేదు సుమండీ!

అందుకని నా మనవి: అసలు ఫోటోని ముట్టుకోకుండా విడిగా దాచి, దాని నకలు మీదే చెయ్యి చేసుకోండి. చీకట్లో పడ్డ ముఖానికి వెలుగివ్వండి, తప్పులేదు. చామనఛాయని మటుకు చామనఛాయగానే ఉండనివ్వండి. రేపు మనవరాలు "అమ్మమ్మ ఎలా ఉండేది?" అని అడుగుతుంది గాని, "ఎంత తెల్లగా ఉండేది?" అని అడగదు. ఒకవేళ అడిగితే, ఆ అడగడం మన దగ్గర నేర్చుకున్నదే.