గోడకవతలి ఏడుపు

కథలోనికి యంత్రము ప్రవేశించిన మరుక్షణమే మనుష్యులు లేచి వెడలిపోవుదురన్న సంగతిని నేను స్వానుభవమున గ్రహించితిని. ఇరువది యేండ్ల క్రిందట ఒక వైజ్ఞానిక కథ వ్రాయబూని, నక్షత్రముల నడుమ సంచరించు వాహనమునకు ఇంధనమెట్టిది, మీటలెన్ని, తలుపు ఏ వైపునకు తెరచుకొనునని పదునొకండు పుటలు నింపి, మిక్కిలి గర్వముతో మా అమ్మాయికి చదివి వినిపించితిని. అది ఓపికగా విని, "బండి సంగతంతా బాగానే ఉందిగాని అమ్మా, అందులో కూర్చున్నాయన ఇంటికెందుకు వెళ్లాలనుకుంటున్నాడో చెప్పనేలేదే!" అన్నది. ఆ కాగితములు నేటికిని మా ట్రంకుపెట్టె అడుగున పడియున్నవి.

వానిని మరల తలపునకు తెచ్చినది మొన్న రాత్రి చూచిన 'అడ్వాంటేజస్' అను అమెరికా చిత్రము. జెన్నిఫర్ ఫాంగ్ దర్శకత్వము వహించి, ప్రధానపాత్ర ధరించిన జాక్వెలిన్ కిమ్‌తో కలిసి రచించిన ఈ చిత్రము, అచటి ప్రజా టెలివిజన్ 'ఫ్యూచర్‌స్టేట్స్' పరంపరకై 2012లో తీసిన లఘుచిత్రమునుండి పెరిగి, 2015లో సన్‌డాన్స్ ఉత్సవమున, సమష్టి సృజనకుగాను న్యాయనిర్ణేతల ప్రత్యేక పురస్కారమును పొందినది. పెద్ద స్టూడియోల ధనరాశులు దీని వెనుక లేవు. లేకపోవుటయే దీని అదృష్టమని నా అభిప్రాయము.

కథ చిన్నది. యౌవనమును ఆరోగ్యమును విక్రయించు ఒక సంస్థకు ప్రచారముఖముగా నున్న గ్వెన్ కో, వయసు మీరుచున్నదన్న నెపమున, సరిగా తన కుమార్తె జూల్స్‌ను మంచి పాఠశాలలో చేర్పింపవలసిన తరుణముననే, కొలువునుండి తొలగింపబడును. స్త్రీలకు ఉద్యోగములు అడుగంటిన ఆ భావినగరమున, చదువు చేజారిన ఆడుపిల్ల గతి యేమగునో తల్లికి తెలియును. అందుచేత ఆ సంస్థ అమ్మజూపు నూతన చికిత్సకు తానే ఉదాహరణమై, తన స్మృతులను వేరొక పడుచు దేహమునకు మార్పించుకొనుటకు ఆమె ఒడంబడును. బడి ఫీజునకై మెడలోని గొలుసు కుదువబెట్టిన తల్లులను మనమెరుగుదుము. ఇది విడిపించుకొన వీలులేని కుదువ.

అయితే నన్ను కట్టివేసినది ఈ చికిత్స కాదు, ఒక ఏడుపు. ఒకనాడు తల్లీకూతుళ్లు ఇంట నుండగా ఎక్కడనో ఒక స్త్రీ రోదించుట వినవచ్చును. అది పై అంతస్తుననా, క్రింది అంతస్తుననా యని చెవియొగ్గి విని, రెండింటనునని తేల్చుకొందురు. అంతే. పొరుగింటి కుక్కరు ఎన్ని కూతలు వేసినదని మనము లెక్కించునంత సహజముగా వారు ఆ ఏడ్పులను లెక్కింతురు. ఎవరును పరుగెత్తరు, తలుపు తట్టరు. ఆ సమాజమున స్త్రీల దురవస్థను వివరించుటకు ఉపన్యాసకుడు గాని, గణాంకముల పట్టిక గాని అవసరపడలేదు. ఒక గోడయు, ఒక గొంతుకయు చాలినవి. ఇట్లే దూరమున ఒక సౌధము ప్రేలి పొగ లేచుచుండగా వీధిలోనివారు తమ త్రోవన తాము పోవుచుందురు. నా పదునొకండు పుటలు చేయలేని పనిని ఈ ఉదాసీనత క్షణములో చేసినది.

పరకాయప్రవేశము మనకు కొత్త ఊహ కాదు. శంకరులు అమరుక మహారాజు దేహమున ప్రవేశించినప్పుడు శిష్యులు గురుదేహమును గుహలో భద్రపరచి కాచియుండిరని చెప్పుదురు; వెడలినవాడును తిరిగివచ్చినవాడును ఒక్కడేయన్న విశ్వాసము ఆ కథకు పునాది. ఈ చిత్రము ఆ పునాదినే లాగివేయును. ఇచట వెడలినవారు ఎవరును లేరు. స్మృతులు మాత్రము నకలైనవి, పాత గ్వెన్ పోయినది, ఆమె దేహమును కాచుటకు శిష్యులును లేరు. ఫ్రెయా ఆడమ్స్ ధరించిన కొత్త గ్వెన్‌కు బిడ్డనుగూర్చి సమస్తమును జ్ఞాపకమున్నది. ఆ జ్ఞాపకమును మమకారముగా మార్చుకొనుటకు మాత్రము ఆమె శిశువు నడక నేర్చునట్లు అభ్యసింపవలసివచ్చును. సమంతా కిమ్ అను బాలనటి, ఎదుట నున్నది అమ్మయా కాదా యని వెదకు చూపులతో ఈ భాగమునంతయు మోసినది. దేహమును మార్చు యంత్రమును మనకు ఎంతగా చూపిరని అడిగినచో, దాదాపు చూపలేదనియే చెప్పవలెను.

లోపములు లేవనను. కొన్ని సంభాషణలు తత్త్వవిచారపు బరువున క్రుంగి, పాత్రలు ఒకరితో నొకరు గాక గాలితో మాటలాడుచున్నట్లు తోచును; నడక మందము. మా ఇంటిలో ఇద్దరు నడుమనే నిద్రించిరి.

చూడబూనువారు శబ్దమును కొంచెము హెచ్చించి చూడవలసినదని మనవి. ఆ ఏడుపు గోడకవతలినుండి వచ్చును.